గుడ్డ ఎడమ చేతిలో ఉంటే

మా అత్తయ్యకు వాసన తెలియదన్న సంగతి రెండేళ్ళపాటు, డాక్టరు కాక, ఇద్దరికే తెలుసు. ఒకరు అత్తయ్య, రెండోదాన్ని నేను. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. ఆ స్కూలు ల్యాబులోనే గాజు సామాను కడగడం, బల్లలు తుడవడం, సీసాలు అందించడం నా పని.

అత్తయ్య మా నాన్నకు అక్క. నేను పదో తరగతిలో ఉండగా నాన్న మంచాన పడ్డాడు. చూసుకోవడానికి ఇంకెవరూ లేక బడి మానేశాను. రెండేళ్ళ తర్వాత నాన్న పోయాడు. అత్తయ్య వచ్చి నా బట్టలు రెండు సంచుల్లో సర్ది తన ఇంటికి తీసుకుపోయింది. మళ్ళీ బడిలో చేర్పిస్తానంది. నాకంటే అంత చిన్నపిల్లల మధ్య బెంచీ మీద కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. నోట్లో నాలుక లేని పిల్లనని చిన్నప్పటినుంచీ పేరు. వారం రోజులు అన్నం సరిగ్గా తినకపోయేసరికి ఆవిడే ఊరుకుని, చివరికి ల్యాబులో పని ఇప్పించింది.

"స్కూల్లో నేను నీకు అత్తయ్యను కాను. టీచరుగారూ అని పిలువు. ఒక్కసారి కూడా నోరు జారకూడదు" అని మొదటిరోజే చెప్పింది. మూడేళ్ళపాటు నేను ఎప్పుడూ జారలేదు. అసలు నేను మాట్లాడితే కదా జారడానికి.

పిల్లలు ఆవిడను చాటుగా ఆర్గాన్ టీచరు అంటారు. ఆర్గాన్ అనే వాయువు దేనితోనూ కలవదట. అత్తయ్య పెళ్ళి చేసుకోలేదు, స్టాఫ్ రూములో ఎవరి పక్కనా కూర్చోదు, మధ్యాహ్నం ల్యాబులోనే డబ్బా విప్పుతుంది. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదనీ, లెక్కల మాస్టారనీ నా అనుమానం.

నేను ల్యాబులో చేరిన ఏడాదికి అత్తయ్యకు పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక ఒకరోజు నేను బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి వంటింట్లో పాలు మాడి, గిన్నె అడుగు నల్లగా అయిపోయి, మాడు వాసన గదంతా కమ్ముకుంది. ఆవిడ ఆ పొయ్యికి మూడడుగుల దూరంలో తల వంచుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నేను పొయ్యి ఆపాక తల ఎత్తి, ముందు నన్ను చూసింది, తర్వాత గిన్నెను చూసింది. లేచి వెళ్ళి ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత సబ్బు, ఆ తర్వాత కిరోసిను సీసా. ఒక్కొక్కటీ వాసన చూసి పక్కన పెడుతుంటే ఆవిడ మొహం ఎలా మారిపోయిందో నేను మర్చిపోలేను. డాక్టరు, లోపలి నరం దెబ్బతిందన్నాడు. వస్తే రావచ్చు, రాకపోతే లేదన్నాడు. రాలేదు.

మామూలు మనిషికైతే ఇది పెద్ద లోపం కాదేమో. వంట రుచి పోతుంది, అంతే. కానీ ల్యాబులో సగం పని ముక్కుతోనే. ఏ లవణం వేడి చేస్తే ఏ వాసన వస్తుందో పిల్లలకు చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, గ్యాసు. బయట ఇనుప జాలీలో సిలిండరు ఉంటుంది. దాని పక్కనే మెయిన్ వాల్వు. అక్కడినుంచి గొట్టం గోడలోంచి వచ్చి ఎనిమిది బల్లలకూ ఒక్కో కుళాయి. అందులో ఏ ఒక్కటి కాస్త తిరిగి ఉన్నా, అది చెప్పేది వాసన ఒక్కటే.

"చెప్పేద్దాం అత్తయ్యా" అని అప్పట్లో ఒకసారి అన్నాను.

"చెబితే ఏమవుతుందో తెలుసా?" అని ఆవిడ నన్ను కూర్చోబెట్టి వివరించింది. జీతాల సంగతి నాకు తెలిసింది ఆ రోజే. అంతకుముందు టీచర్లందరికీ ఒకటే జీతం అనుకునేదాన్ని. అందరూ చేరేది ఒకే మెట్టు మీదనట. ఏడాదికో చిన్న మెట్టు ఎక్కుతారు. టీచర్ ట్రైనింగ్ డిగ్రీ ఉంటే ఇంకో మెట్టు. పెద్ద చదువు చదివితే మరొకటి. సైన్సు చదివినవాళ్ళను ఫ్యాక్టరీలూ కంపెనీలూ లాక్కుపోతాయి కాబట్టి, వాళ్ళు బడిలో నిలవాలంటే కొంచెం ఎక్కువ ఇవ్వక తప్పదు. అదీ కాక ల్యాబు నడిపేవాళ్ళకు ప్రమాదం ఉంటుందని విడిగా భత్యం. లెక్కల మాస్టారి జీతం పది పాళ్ళనుకుంటే అత్తయ్యది పన్నెండు. మా వీధి చివరి ప్రైవేటు స్కూల్లో మెట్లూ లేవు, భత్యాలూ లేవు. యజమాని నోట్లోంచి ఎంత వస్తే అంత. అక్కడి సైన్సు మాస్టారికి అయిదో ఆరో పాళ్ళు. మిగతాది ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుని పూడ్చుకుంటాడు.

"వాసన రాదంటే ల్యాబు నా చేతిలోంచి తీసేస్తారు. ల్యాబు పోతే పన్నెండు పదవుతుంది. నాకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది. చివరి ఏడాది జీతాన్ని బట్టే పింఛను కడతారు. ఇప్పుడు ఒక మెట్టు దిగితే చచ్చేదాకా దిగినట్టే. నువ్వు, నేను, ఈ ఇంటి అద్దె. ఆలోచించు" అంది.

నేను ఆలోచించాను. ఆలోచించేకొద్దీ భయమే పెరిగింది తప్ప దారి కనబడలేదు. అందుకే ఆవిడ చెప్పినదానికి తల ఊపాను. ఆ రోజునుంచి నేను ఆవిడకు ముక్కునయ్యాను.

పద్ధతి చాలా సులువు. క్లాసు మొదలయ్యే ముందు నేను బల్లలు తుడిచే నెపంతో ఎనిమిది కుళాయిల దగ్గరా వంగి వాసన చూస్తాను. తర్వాత గుమ్మం పక్కన నా చోటులో నిలబడతాను. అత్తయ్య అగ్గిపెట్టె తీసి నా వైపు ఒకసారి చూస్తుంది. తుడిచే గుడ్డ నా కుడి చేతిలో ఉంటే వాసన లేదు, వెలిగించవచ్చు. ఎడమ చేతిలో ఉంటే ఆగాలి. పరీక్షనాళిక వేడి చేసినప్పుడూ అంతే. పిల్లలను "ఏం వాసన?" అని అడుగుతుంది. వాళ్ళలో ఒకడు కుళ్ళిన కోడిగుడ్డంటాడు, ఒకతె బాత్రూమంటుంది. ఒక్కో జవాబుకూ ఆవిడ నా వైపు చూస్తుంది, సరైనదైతే గుడ్డ కుడి చేతిలో ఉంటుంది.

పిల్లలు మరీ గడుసువాళ్ళు. గ్యాసు వాసన అన్నారంటే కిటికీలు తీసి క్లాసు బయటికి పంపుతారని కనిపెట్టేశారు. పరీక్ష ఉన్నప్పుడల్లా "టీచర్, గ్యాసు వాసన" అనేవాళ్ళు. నాలుగుసార్లు బయటికి నడిచాక అత్తయ్యకు ఒళ్ళు మండి, ఇంకెవరైనా ఆ మాటంటే ఇంటికి ఉత్తరం రాస్తానంది. ఆ తర్వాత ఎవరూ అనలేదు. ఇక మిగిలింది నా ముక్కొక్కటే.

ఆ రెండేళ్ళూ నేను ముళ్ళ మీద నిలబడ్డట్టే నిలబడ్డాను. ఆవిడ అగ్గిపుల్ల గీసిన ప్రతిసారీ నా భుజాలు బిగుసుకునేవి. నీలిమంట బుస్సున లేచి నిలబడ్డాక గానీ ఊపిరి వదిలేదాన్ని. రోజుకు నాలుగు క్లాసులు, నాలుగు అగ్గిపుల్లలు.

లెక్కల మాస్టారికి ఇదేం తెలుసు. ఒకసారి జీతాల రోజున ల్యాబు గుమ్మంలో నిలబడి, "ఏమండీ సైన్సు టీచరుగారూ, బడి ఒకటే, సుద్దముక్క ఒకటే. మీకు పన్నెండు, నాకు పది. ఏం, నా సుద్దముక్క ఏం పాపం చేసింది?" అన్నాడు.

"మీ సుద్దముక్క పేలదు మాస్టారూ. పేలిన రోజున మీకూ ఇస్తారు" అంది అత్తయ్య.

ఆయన పగలబడి నవ్వాడు. నేను చేతిలోని గాజుగొట్టం కింద పెట్టేశాను, పగులుతుందేమోనని.

అత్తయ్య రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుందనగా జీతాల సవరణ వచ్చింది. పైనుంచి కమిటీ తరఫున ఒక అధికారిణి వచ్చి, ల్యాబు టీచర్ల పాఠం కూర్చుని చూసి, ఎవరిని ఏ మెట్టు మీద పెట్టాలో రాస్తుందట. ముందుగా ఒక ఫారం పంపారు. చదువు, ట్రైనింగు, సర్వీసు, గత అయిదేళ్ళలో పిల్లల ఉత్తీర్ణత. అన్నీ అత్తయ్య చకచకా నింపింది. చివరి ప్రశ్న దగ్గర కలం ఆగింది. ల్యాబు పనికి అడ్డువచ్చే శారీరక లోపం ఏదైనా ఉందా అని. నేను ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఆవిడ తల ఎత్తలేదు. 'లేదు' అని రాసి, సిరా ఆరకముందే మడిచింది.

పాఠం కూడా ఆలోచించే ఎంచుకుంది. నీలి మైలుతుత్తాన్ని, అంటే కాపర్ సల్ఫేటును, వేడి చేస్తే తెల్లబడుతుంది. చుక్క నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం. అంతా కంటికి కనబడేదే, ముక్కుతో పనిలేదు. వెలిగించేటప్పుడు ఒక్కసారి నా చేతిని చూస్తే చాలు.

అధికారిణి వచ్చే రోజు పొద్దున్న లేచేసరికి నాకు జలుబు.

ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయ కోశాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ వాసన రాలేదు. ఆ ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండేళ్ళ కిందట అత్తయ్య ఇక్కడే ఇలాగే నిలబడింది. చెబితే ఈ రోజు పాఠం మానుకోవాలి. మానితే అధికారిణి మళ్ళీ రాదు, ఆలోపు జీతాలు రాసేస్తారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

బయల్దేరేటప్పుడు అత్తయ్య చెప్పులు వేసుకుంటూ, "గొంతేమిటి అలా ఉంది?" అంది.

"దుమ్ము" అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి తాళం వేసింది.

స్కూల్లో హెడ్మాస్టరు అప్పటికే హడావుడిగా తిరుగుతున్నాడు. ల్యాబులోకి వచ్చి పిల్లలందరినీ నిలబెట్టి, ఆవిడగారు ఉన్నంతసేపూ ఒక్కరు కూడా నోరు తెరవకూడదనీ, తెరిస్తే మార్కులు తీసేస్తాననీ చెప్పాడు. నన్ను చూసి, ఆలస్యం లేకుండా అన్నీ సిద్ధంగా ఉంచమన్నాడు. మామూలుగా క్లాసుకు ముందు అత్తయ్య సైగ చేశాకే మెయిన్ వాల్వు తెరిచి, కుళాయిలు చూస్తాను. ఆ రోజు ఆయన తొందర చూసి ముందే వెళ్ళి తెరిచేశాను. తెరిచి వచ్చి మళ్ళీ బల్లలు తుడిచాను. కంగారులో చివరి బల్ల మీద గుడ్డ గట్టిగా లాగాను. అక్కడి కుళాయి పిడికి గుడ్డ తగులుకుంది. విడదీసి ముందుకు పోయాను. వంగాను, పీల్చాను. ఏమీ రాలేదు. ఏమీ రాదని నాకు తెలుసు.

అధికారిణి రావడం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

ఆవిడ సన్నటి మనిషి. చేతిలో చిన్న ఫైలు. హెడ్మాస్టరుతోపాటు వచ్చి వెనక గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. అత్తయ్య తెల్లకోటు గుండీలు పెట్టుకుని పాఠం మొదలుపెట్టింది. గొంతు స్థిరంగా ఉంది. బల్ల మీద నీలి పలుకులు పరిచి, ఇందులో నీరు దాగి ఉంది, చూపిస్తాను చూడండి అంది. అగ్గిపెట్టె తీసి నా వైపు చూసింది.

గుడ్డ నా కుడి చేతిలో ఉంది.

ఆవిడ తల తిప్పుకుని, మంట దేనికో వివరించసాగింది. నేను భయంతో పిల్లల వైపు చూశాను. ఇంకెక్కడ చూడాలో తెలియక చూశాను. చివరి బల్ల దగ్గరి పిల్లవాడు మెడ ముడుచుకుని చొక్కా కాలరు ముక్కు మీదికి లాక్కున్నాడు. వాడి పక్కవాడు నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. ఆ ముందు వరసలో జడల పిల్ల జడ కొస తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. ముందు బెంచీల్లో కూడా కళ్ళు చిట్లుతున్నాయి. ఒక్కరూ నోరు తెరవడం లేదు.

గుడ్డ ఎడమ చేతిలోకి మార్చాను. పైకెత్తి పట్టుకున్నాను. అత్తయ్య చూడటం లేదు. ఆవిడ చూడాల్సింది ఒకసారి చూసేసింది. ఎడమ చేత్తో అగ్గిపెట్టె పట్టుకుని పుల్ల తీసింది. పుల్ల తల పెట్టె అంచున ఆనింది.

"అత్తయ్యా, గీయకు."

ఆ గొంతు నాదేనని నాకు వెంటనే తెలియలేదు. గదిలో అన్ని తలలూ నా వైపు తిరిగాయి. అత్తయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా చేతిలోని గుడ్డను చూసింది. ఆ తర్వాత పిల్లల మొహాలు చూసింది. పుల్లను మెల్లగా పెట్టెలో పెట్టి, పెట్టెను కోటు జేబులో వేసుకుంది.

"అందరూ లేవండి. సంచులు వదిలెయ్యండి. వెనక వరస ముందు, తోసుకోకుండా బయటికి నడవండి" అంది, పాఠం చెప్పే గొంతుతోనే. అప్పుడే హెడ్మాస్టరు గాలి ఆడుతుందని కాబోలు గోడమీది ఫ్యాను స్విచ్చి వైపు చెయ్యి చాచాడు.

"దాన్ని ముట్టుకోకండి సార్" అంది అత్తయ్య. ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

నేను బయటికి పరిగెత్తి మెయిన్ వాల్వు మూశాను. పిడి రెండుసార్లు జారింది. కిటికీలోంచి చూస్తే అత్తయ్య ఒక్కతే లోపల మిగిలి, కిటికీలు ఒక్కొక్కటే తెరుస్తోంది. ఆఖరి కిటికీ తెరిచేదాకా బయటికి రాలేదు. నేను జాలీని పట్టుకుని ఆవిడ పాదాలనే చూస్తూ నిలబడ్డాను.

ఆవరణలో ముప్పై ఇద్దరు పిల్లలు వరసగా నిలబడ్డారు. అధికారిణి మొహం పాలిపోయి ఉంది. ఎంతమందికి వాసన వచ్చిందని అడిగింది. ముప్పై రెండు చేతులు లేచాయి.

"మరి ఎవరూ చెప్పలేదేం?"

జడల పిల్ల హెడ్మాస్టరును ఓరగా చూసి, "నోరు తెరిస్తే మార్కులు తీసేస్తామన్నారండి" అంది. ఆయన నేల చూశాడు. తనకూ ఏదో వాసన వచ్చిందనీ, పాఠంలో భాగమేమో అనుకున్నాననీ గొణిగాడు. అధికారిణి కూడా ఒప్పుకుంది, ల్యాబులంటే ఇలాగే ఉంటాయేమో అనుకుందట. తర్వాత అత్తయ్య వైపు తిరిగింది.

"మాకంటే తెలియదు. మీరు ఇన్నేళ్ళుగా ఇందులో ఉన్నారు. మీకు రాలేదా?"

నేను నోరు తెరిచాను. జలుబు, వాల్వు, కుళాయి, అన్నీ నావేనని చెప్పాలని. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

"నాకు రాదండి. రెండేళ్ళయింది" అంది.

"ఫారంలో లోపం లేదని రాశారే."

"రాశాను. అబద్ధం రాశాను."

అధికారిణి ఫైలు తెరవలేదు. పిల్లలను ఇళ్ళకు పంపేయమంది.

ఇంటికి వచ్చి తాళం తీశాక నేను గోడకు ఆనుకుని అంతా చెప్పాను. జలుబని చెప్పాను. దుమ్మన్నది అబద్ధమని చెప్పాను. కుళాయికి గుడ్డ తగిలిందనీ చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"పొద్దున్న నీ గొంతు వినగానే నాకు తెలిసింది" అంది కోటు మడత పెడుతూ. "రెండోసారి అడిగితే నిజం చెప్పేస్తావని అడగలేదు."

ఆ మాట విన్నాక నాకు అంతకుముందు వేసినదానికంటే ఎక్కువ భయం వేసింది. ఆ గదిలో ముప్పై ఇద్దరు పిల్లలు ఉన్నారు. మేమిద్దరం తెలిసే నోరు మూసుకున్నాం. అత్తయ్య కూడా అదే తలుచుకుంటున్నట్టుంది. మడతపెట్టిన కోటు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం తీసేయలేదు. పిల్లలను క్షేమంగా బయటికి తెచ్చిందని ఒక వాక్యం, తప్పుడు సమాచారం ఇచ్చిందని ఒక వాక్యం. ల్యాబు ఆవిడ చేతిలోంచి తీసేశారు, భత్యం తీసేశారు, మామూలు మెట్టు మీదికి దించారు. పన్నెండు పది అయింది. పింఛను కూడా దాని మీదే. ఆ నెలాఖరుకే మేము రెండు గదుల ఇల్లు వదిలి ఒక గది ఇంటికి మారాం. నా ఉద్యోగం ఎందుకు ఉంచారో తెలియదు. ఈ జీతానికి గాజు సామాను కడిగే మనిషి ఇంకొకరు దొరకరనేమో.

ల్యాబు ఇక తనది కాదు కాబట్టి అత్తయ్య మధ్యాహ్నం డబ్బా పట్టుకుని స్టాఫ్ రూముకు వెళ్ళింది. లెక్కల మాస్టారు ఏదో ఒకటి అంటాడని నేను గుమ్మం అవతల బిక్కచచ్చి నిలబడ్డాను. ఆయన తన కుర్చీ పక్కకు జరిపి, "రండి టీచరుగారూ, ఇకనుంచి ఇద్దరం పదే" అన్నాడు. అత్తయ్య కూర్చుంది.

ల్యాబుకు కొత్త మాస్టారు వచ్చాడు. కుర్రవాడు. ట్రైనింగ్ డిగ్రీ లేదు, ఉద్యోగం పర్మినెంటు కాదు, అందుకని భత్యం ఇవ్వరు. అతనికి ఏడు పాళ్ళు. అగ్గిపుల్ల మాత్రం అదే. కమిటీ ఒక కొత్త నియమం పెట్టింది. వెలిగించే ముందు వాసన వస్తోందా అని క్లాసునంతా అడగాలి, ఒక్కరు అవునన్నా ఆగాలి. ఇంకేం, రోజూ ఎవడో ఒకడు వస్తోంది సార్ అంటాడు. రోజూ కిటికీలు తెరవాలి, ఎనిమిది కుళాయిలూ చూడాలి. ఇలాగైతే సిలబసు ఏనాటికి అవుతుందని అతను తల పట్టుకుంటాడు. నేను మాట్లాడకుండా కిటికీలు తెరుస్తాను. అయినా అతను పుల్ల తీయగానే నా భుజాలు బిగుసుకుంటాయి. బహుశా ఇక ఎప్పటికీ అంతే.

ఇంట్లో అత్తయ్య అగ్గిపెట్టె తీసి నా చేతుల వైపు చూస్తుంది. నేను పొయ్యి దగ్గర వంగి, వాసన చూసి, గుడ్డ కుడి చేతిలోకి తీసుకునేదాకా పుల్ల గీయదు. నాకు జలుబు చేసిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలగదు. రొట్టె కొనుక్కుని తింటాం.